ఒక్క బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు రకాల సమాచార వ్యవస్థలు ఎక్కడున్నట్టు?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ చివరి ఏడాది విద్యార్థిని, ఖమ్మం

అందరికీ నమస్కారం. వ్యాపార సంస్థలు వాడే సమాచార వ్యవస్థలను మా పాఠ్యపుస్తకంలో ఒక పిరమిడ్‌గా గీసి చూపించారు. అడుగున రోజువారీ లావాదేవీలను నమోదు చేసే ట్రాన్సాక్షన్ ప్రాసెసింగ్ సిస్టమ్, దానిపైన ఆ నమోదుల నుంచి మేనేజర్లకు రిపోర్టులిచ్చే మేనేజ్‌మెంట్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్, ఆపైన నిర్ణయాలకు తోడ్పడే డెసిషన్ సపోర్ట్ సిస్టమ్, కొసన పై అధికారులకు సంస్థ పరిస్థితిని క్లుప్తంగా చూపే ఎగ్జిక్యూటివ్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్ ఉన్నాయి. నిర్వచనాలు నాకు వచ్చు. అయితే సెలవుల్లో మా బాబాయి మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో కూర్చున్నప్పుడు, అక్కడున్నది ఒకే ఒక్క బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అని గమనించాను. బిల్లు కొట్టేదీ అందులోనే, నెలాఖరు రిపోర్టు తీసేదీ అందులోనే, ఏ కంపెనీ సరుకు ఎంత తెప్పించాలో బాబాయి తేల్చుకునేదీ అందులో చూసే. అలాంటప్పుడు ఈ నాలుగూ నిజంగా వేర్వేరు వ్యవస్థలా, లేక పరీక్ష కోసం చేసిన విభజనా? నా ప్రాజెక్టు రిపోర్టుకు ఈ ఏజెన్సీని ఉదాహరణగా తీసుకోవచ్చునా?

సమాధానం 1: మందుల పంపిణీ సంస్థలో అకౌంటెంటు, విజయవాడ

తప్పకుండా తీసుకోవచ్చు అమ్మా. సాఫ్ట్‌వేర్ ఒకటే కావచ్చు, కానీ అందులోని సమాచారాన్ని ఎవరు, ఏ పని కోసం అడుగుతున్నారన్నదాన్ని బట్టి రకం మారుతుంది.

కౌంటర్ దగ్గర ఆపరేటర్ బిల్లు కొట్టేటప్పుడు మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, పదికి ఒకటి ఫ్రీ వంటి స్కీము, జీఎస్టీ రేటు అన్నీ ఒకేసారి నమోదవుతాయి, అదే క్షణంలో స్టాకు తగ్గి పార్టీ ఖాతాలో బాకీ పెరుగుతుంది. ఇది మొదటి రకం. 2023 ఆగస్టు నుంచి టర్నోవరు 5 కోట్లు దాటిన సంస్థలు ఇతర వ్యాపారులకు ఇచ్చే బిల్లులకు ఈ-ఇన్వాయిస్ తప్పనిసరి కనుక, ఈ నమోదు దుకాణం గోడలు దాటి ప్రభుత్వ పోర్టల్ దాకా వెళుతోంది. రెండో రకం ఈ నమోదుల నుంచే పుడుతుంది. వచ్చే మూడు నెలల్లో గడువు తీరే మందుల జాబితా, 30, 60, 90 రోజులు దాటిన బాకీల పట్టిక, నెలకోసారి దాఖలు చేసేవారైతే మరుసటి నెల 11లోపు వేయవలసిన జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్ను అన్నీ ఈ కోవలోవే.

ఇక్కడ ఒక అనుభవం చెప్పాలి. ఒకసారి మా దగ్గర వచ్చిన సరుకును కంప్యూటర్‌లో ఎక్కించేటప్పుడు ఒక బ్యాచ్‌కు ఎక్స్‌పైరీ ఏడాది తప్పు పడింది. ఆ బ్యాచ్ గడువు జాబితాలోకి రానేలేదు. కంపెనీకి వాపసు ఇచ్చే సమయం దాటిన తరువాత ర్యాకు సర్దుతుంటే బయటపడింది. రిపోర్టు తీసినవారి తప్పేమీ లేదు, అడుగున పడిన అంకె పైదాకా పాకింది. 2025 సెప్టెంబర్ 22న చాలా మందులపై జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గినప్పుడు మేము ఐటమ్ మాస్టర్ (ప్రతి మందు వివరాలూ, పన్ను రేటూ ఉండే మూల జాబితా) అంతా రెండుసార్లు సరిచూసుకోవడానికి కారణం ఆ పాఠమే.

మూడో రకం మీ బాబాయిగారి దగ్గర కంప్యూటర్‌లో లేకపోవచ్చు. వానాకాలం జ్వరాలకు పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ఎంత తెప్పించాలి, స్కీము కోసం ఎక్కువ కొంటే మిగిలే లాభం ఆ డబ్బు మీద పడే వడ్డీకి సరిపోతుందా అని ఆయన పాత బిల్లు వెనక పెన్సిలుతో వేసే లెక్క కూడా నిర్ణయానికి తోడ్పడే వ్యవస్థే. నాలుగో రకాన్ని అక్కడ వెతకవద్దు. యజమాని, మేనేజరు ఒక్కరే అయిన చోట దానికి పని లేదు.

సమాధానం 2: రైల్వే రిజర్వేషన్ విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి, సికింద్రాబాద్

పై సమాధానం చిన్న సంస్థకు సరిపోతుంది. పెద్ద సంస్థలో మాత్రం ఈ విభజనను యంత్రాల స్థాయిలో కూడా పాటించక తప్పదు.

ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్ రిజర్వేషన్ కేంద్రాలు మొదట్లో విడివిడిగా పనిచేసేవి. వాటిని కలపడానికి తయారైన కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొట్టమొదట సికింద్రాబాద్‌లోనే అమలులోకి వచ్చింది, 1999 నాటికి ఐదూ ఒకే నెట్‌వర్క్ అయ్యాయి, 2002లో ఇంటర్నెట్ టికెట్లు మొదలయ్యాయి. ఒకే బెర్తును రెండు కౌంటర్లు ఒకే క్షణంలో అమ్మకుండా చూడడమే ఇటువంటి వ్యవస్థకు ప్రాణం. ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకునే వేళ ఎవరైనా మూడేళ్ల సంక్రాంతి వెయిటింగ్ లిస్టుల విశ్లేషణను అదే యంత్రం మీద నడిపితే కౌంటర్లు నెమ్మదిస్తాయి. అందుకే పెద్ద సంస్థలు లావాదేవీల నకలును డేటా వేర్‌హౌస్ అనే, విశ్లేషణ కోసమే ఉంచే విడి భాండాగారంలోకి తీసుకుని, ప్రత్యేక రైళ్లు ఎన్ని వేయాలి వంటి ఆలోచనలను అక్కడ చేసుకుంటాయి.

మరొక సంగతి కూడా గమనించండి. 2016లో రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్లలో ఫ్లెక్సీ ఛార్జీలు ప్రవేశపెట్టినప్పుడు, ప్రతి 10 శాతం బెర్తులు అమ్ముడైన కొద్దీ ఒక పరిమితి వరకు మూల ఛార్జీ 10 శాతం పెరిగేలా నియమం పెట్టారు. ధర ఎంత ఉండాలన్నది పై అధికారుల నిర్ణయం. దాన్ని నియమంగా రాసేసిన తరువాత ఆ పని కౌంటర్ దగ్గరి వ్యవస్థలోకి దిగిపోయింది. కాబట్టి పిరమిడ్‌లోని అంతస్తుల మధ్య గోడలు కదలనివేమీ కావు.

సమాధానం 3: ఎంబీఏ అధ్యాపకుడు, తిరుపతి

పిరమిడ్ మూలం తెలిస్తే మీ సందేహం కొంత తీరుతుంది. 1965లో మేనేజ్‌మెంట్ ఆచార్యుడు రాబర్ట్ ఆంథొనీ సంస్థలోని పనిని వ్యూహరచన, నిర్వహణ నియంత్రణ, రోజువారీ కార్యకలాపాల నియంత్రణ అని మూడు స్థాయులుగా విడదీశారు. 1971లో గోరీ, స్కాట్ మోర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు దానికి మరో కొలత చేర్చి, నియమాలకు లొంగే నిర్ణయాలు ఏవి, లొంగనివి ఏవి అని వర్గీకరించారు. అంటే ఆ విభజన మొదట మనుషులు చేసే పనికి సంబంధించినది. సాఫ్ట్‌వేర్ల పేర్లు తరువాత దానిమీద అతికించినవి. సంస్థలోని అన్ని విభాగాల పనినీ ఒకేచోట కలిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ వంటివి అన్ని అంతస్తులనూ నిలువునా తాకుతాయి కనుక వాటిని ఒక గదిలో ఇరికించాలని చూడకండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ ధన్యవాదాలు. మీ సమాధానాలు చదివిన తరువాత ఏజెన్సీకి వెళ్లి చూశాను. సరుకు ఏ మట్టానికి తగ్గితే మళ్లీ తెప్పించాలో రాసుకునే రీఆర్డర్ లెవల్ గడి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి మందుకూ ఉంది, అన్నిట్లోనూ సున్నాయే ఉంది. బాబాయిని అడిగితే ఆ అంకెలన్నీ తన తలలోనే ఉన్నాయన్నారు. ఎక్కువగా కదిలే ఇరవై మందులకు ఆయన చెప్పే అంకెలను, గత ఏడాది అమ్మకాల నుంచి నేను లెక్కకట్టే అంకెలతో పోల్చి ప్రాజెక్టులో ఒక అధ్యాయంగా రాయాలని నిశ్చయించుకున్నాను.