‘సమస్థానీయం’లో ఆ స్థానం ఏది?

ప్రశ్న (తిరుపతి): తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి పుస్తకంలో ‘ఐసోటోపులు’ అని ఉంది. వాటికి తెలుగులో ‘సమస్థానీయాలు’ అనే మాట ఉందని చెప్పాను. వెంటనే, “కేంద్రకంలో ఒకే చోట ఉంటాయా?” అని అడిగింది. ఇంతకీ ఏ స్థానం సమానం?

జవాబు (రసాయన శాస్త్ర అధ్యాపకుడు, చిత్తూరు): ఆ స్థానం కేంద్రకంలోది కాదండీ, ఆవర్తన పట్టికలోది. గ్రీకులో ‘ఐసోస్’ అంటే సమానం, ‘టోపోస్’ అంటే చోటు. రేడియోధార్మిక పదార్థాలను పరిశోధిస్తున్న ఫ్రెడరిక్ సాడీకి, భారాలు వేరైనా రసాయన పద్ధతుల్లో విడదీయలేని పదార్థాలు ఎదురయ్యాయి. పట్టికలో వాటికి ఒకే గడి ఇవ్వక తప్పలేదు. వాటికి ఈ పేరు సూచించింది వైద్యురాలు, రచయిత్రి మార్గరెట్ టాడ్. సాడీ 1913లో దాన్ని వాడుకలోకి తెచ్చారు. చాడ్విక్ న్యూట్రాన్‌ను కనిపెట్టింది 1932లో. అంటే భారాల్లో తేడాకు అసలు కారణం న్యూట్రాన్లేనని తెలియకముందే పేరు పెట్టేశారు! అందుకే అందులో న్యూట్రాన్ ఊసే లేదు.

మరొకరు (తిరుపతి): ట్యూషన్‌లో నేను తిరుమల లడ్డు ఉదాహరణ చెబుతాను. చిన్న లడ్డు, కల్యాణోత్సవం లడ్డు: పదార్థం ఒకటే, బరువు వేరు.

అధ్యాపకుడు: వినడానికి బాగుంది గానీ, ఒప్పుకోను. పెద్ద లడ్డులో పిండి, చక్కెర, జీడిపప్పు అన్నీ పెరుగుతాయి. ఐసోటోపులో మారేది న్యూట్రాన్ల సంఖ్య ఒక్కటే. క్లోరిన్ చూడండి. ద్రవ్యరాశి సంఖ్య (ప్రోటాన్లు, న్యూట్రాన్ల మొత్తం) 35 అయినా 37 అయినా ప్రోటాన్లు 17. న్యూట్రాన్లు మాత్రం ఒకదానిలో 18, రెండోదానిలో 20. ప్రకృతిలో ఇవి దాదాపు మూడుకు ఒకటి చొప్పున ఉంటాయి. మూడు 35లు, ఒక 37 కూడి నాలుగుతో భాగిస్తే 35.5. “పరమాణు భారంలో ఆ అర ఎక్కడిది?” అని పిల్లలు అడిగేది దీని గురించే.

ప్రశ్న అడిగినవారు: మరి పరీక్షలో ఏ మాట రాయమంటారు?

అధ్యాపకుడు: పుస్తకంలో ఉన్న ‘ఐసోటోపు’ అనే రాయనివ్వండి. ‘సమస్థానీయం’ అర్థం మాత్రం చెప్పండి. ఐసోబార్లతో, అంటే ద్రవ్యరాశి సంఖ్య ఒకటే అయిన వేర్వేరు మూలకాల పరమాణువులతో, తికమకపడినప్పుడు అదే ఆదుకుంటుంది. ఆర్గాన్-40, కాల్షియం-40 రెండింటికీ ద్రవ్యరాశి సంఖ్య ఒకటే, కానీ ఒకటి 18వ గడిలో, మరొకటి 20వ గడిలో. కాబట్టి అవి సమస్థానీయాలు కావు.

ఇంకొకరు: అదలా ఉంచి, పాఠంలో అణువు వేరు, పరమాణువు వేరు అంటారు. కేంద్రకం నుంచి వచ్చే శక్తిని మాత్రం అందరూ ‘అణుశక్తి’ అంటారు. దీని సంగతేమిటి?

అధ్యాపకుడు: దానికి వేరే చర్చ పెట్టండి, అక్కడ పోట్లాడుకుందాం.