యూకేజీ పిల్లలకు లెక్కల పరీక్ష, మార్కులు: ఉండాలా, వద్దా?

పాప_వాళ్ళమ్మ:
మొన్న పేరెంట్స్ మీటింగ్‌లో మా పాప రిపోర్ట్ కార్డు ఇచ్చారు. యూకేజీ, మ్యాథ్స్ 25కి 14. "కొంచెం వీక్ అండి, ఇంట్లో బాగా రాయించండి" అన్నారు. పేపర్ చూపించమంటే 1 నుంచి 50 వరకు రాయడం, ముందు ఏది, తర్వాత ఏది, అంతే. ఇంట్లో మాత్రం భోజనాల వేళ నలుగురికీ కంచాలు తనే పెడుతుంది. అమ్మమ్మ వస్తే ఇంకోటి తెస్తుంది. ఐదేళ్ల పిల్లకి అసలు పరీక్ష పెట్టాలంటారా? ఆ కార్డు చూసినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

సిక్కోలు_నాన్న:
పెట్టాలనే అంటానండి. మా వాడి విషయంలో రెండేళ్లు "బాగానే ఉన్నాడు" అంటూ వచ్చారు. రెండో తరగతిలోకి వచ్చాక తీసివేతలు రావట్లేదని చెప్పారు. ముందే తెలిసుంటే వాడికి అన్ని ఏడుపులు ఉండేవి కాదు. మార్కులు కూడా లేకపోతే మాలాంటి వాళ్లకు తెలిసేదెలా?

యూకేజీ_టీచర్:
మీ బాధ నిజమే అన్నా. కానీ బిడ్డ ఎక్కడున్నాడో తెలుసుకోవడం వేరు, మార్కు వేయడం వేరు. మొదటిది తప్పకుండా చేయాలి. రెండోది ఈ వయసులో వద్దని 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రమే స్పష్టంగా చెప్పింది. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పరీక్షలు తగవు, వాళ్లను గమనించాలి, చేసిన పని చూడాలి అని. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాలు చూడండి. బాలవాటిక, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాది, పూర్తయ్యేసరికి 10 వరకు అంకెలు గుర్తుపట్టి చదవాలి, వస్తువుల్ని, ఆకారాల్ని వరుసలో పెట్టాలి. 99 వరకు చదవడం, రాయడం ఒకటో తరగతి పని.

నేను ఏడు చింతపిక్కలు ముందు పోసి లెక్కపెట్టమంటాను. కొందరు ఒకే పిక్కను రెండుసార్లు ముట్టుకుంటారు. కొందరు ఏడు దాకా చక్కగా వస్తారు. "మరి మొత్తం ఎన్ని?" అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడతారు. చివర చెప్పిన అంకే మొత్తం అని వాళ్లకు ఇంకా తెలియలేదన్నమాట. అదే ఏడింటిని దూరం దూరంగా జరిపితే "ఎక్కువయ్యాయి" అనేవాళ్లూ ఉంటారు. వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా ఇక్కడ ఆగిపోతారు, రాత పేపర్‌లో ఇది కనిపించదు. నోట్‌బుక్‌లో తేదీ వేసి పిల్లవాడి పేరు కింద ఒక్క వాక్యం రాస్తాను, రెండు నెలలకు దాని కిందే ఇంకోటి.

సిక్కోలు_నాన్న:
నలభై మంది క్లాసులో అయ్యే పనేనా మేడమ్?

యూకేజీ_టీచర్:
ఆయా లేకపోతే చాలా కష్టం, కాదనను. ఆటల టైంలో రోజుకు నలుగురైదుగురిని కూర్చోబెడతాను. నలభై పేపర్లు దిద్దడానికీ టైం పడుతుంది కదండీ.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు:
టీచరమ్మ చెప్పింది బాగుంది, కానీ ఒక అభ్యంతరం. ఆ నోట్‌బుక్ ఆమె బడి మారితే ఎవరు చదువుతారు? ఒకే పిల్లవాడిని ఒకరు "బాగుంది" అంటారు, ఇంకొకరు "పర్వాలేదు" అంటారు. అందరికీ ఒకే కొలత కావాలి. దానికి మార్కులే అక్కర్లేదు. పల్లెల్లో పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ఏసర్ సర్వే వాళ్లు ఇళ్లకు వెళ్లి ఒక్కో పిల్లవాడినీ విడిగా, నోటితో అడుగుతారు. ఒక అంకె సంఖ్యలు గుర్తిస్తాడా, రెండంకెలవా, తీసివేత చేస్తాడా అని స్థాయి రాస్తారు. యూకేజీకి అలాంటిదే ఇంకా కింది మెట్ల నుంచి తయారు చేయొచ్చు. పాప వాళ్ళమ్మ గారూ, పేపర్‌లో 3, 7 తిరగేసి రాసిందేమో చూడండి. ఈ వయసులో అది మామూలే, దానికి మార్కు కోస్తే లెక్క రాదన్నట్టు కాదు.

పాప_వాళ్ళమ్మ:
అవును మాస్టారూ, 7 అన్నిచోట్లా తిరగేసే ఉంది! సోమవారం వెళ్తున్నాను. ఏం అడగమంటారు?

యూకేజీ_టీచర్:
ఏది తనంతట చేస్తోంది, ఏది సాయం చేస్తే చేస్తోంది, ఏది ఇంకా రావట్లేదు, ఈ మూడే అడగండి. కంచాల సంగతీ చెప్పండి, అది లెక్కే.

సిక్కోలు_నాన్న:
ఆ మూడూ కాగితం మీద రాసి, టీచర్ సంతకంతో, టర్మ్‌కోసారి ఇస్తామంటే నాకూ మార్కులతో పని లేదండి. నోటిమాటగా అయితే మాత్రం నేను ఒప్పుకోను.