1923 కౌన్సిల్ ఎన్నికల్ని పాలస్తీనా అరబ్బులు బాయ్‌కాట్ చేయడం తప్పా?

తెనాలి కుర్రాడు:
బ్రిటిష్ మాండేట్ (నానాజాతి సమితి బ్రిటన్‌కి అప్పగించిన పాలన) టైమ్‌లో హై కమిషనర్ హెర్బర్ట్ శామ్యూల్ పాలస్తీనాలో లెజిస్లేటివ్ కౌన్సిల్ పెడతానన్నాడు, 1923లో ఎలక్షన్లు పెడితే అరబ్బులు ఓటేయకుండా కూర్చున్నారు, చివరికి ఆ ఎన్నికలే రద్దయ్యాయి. చేజేతులా పోగొట్టుకున్నారనిపిస్తుంది నాకైతే. లోపలికెళ్ళి కొట్లాడాల్సింది. మన దగ్గర అదే ఏడాది స్వరాజ్య పార్టీ వాళ్ళు కౌన్సిళ్ళలోకి వెళ్ళలేదా?

ఓరుగల్లు అక్క:
తమ్ముడూ, ఆ కౌన్సిల్లో సీట్ల లెక్క చూశావా? ఎన్నికయ్యేది 12 మంది: ముస్లింలు 8, క్రైస్తవులు 2, యూదులు 2. ఇవతల అధికారులు 10 మంది, పైన హై కమిషనర్. అంటే 1922 జనాభా లెక్కల్లో పదింట తొమ్మిది వంతులు అరబ్బులే ఉన్న చోట వాళ్ళకి పది ఓట్లు, అధికారులూ యూదు సభ్యులూ ఒకవైపు చేరితే ఎప్పుడు లెక్కపెట్టినా ఓటమే, అదీ దాటితే హై కమిషనర్ వీటో ఉంది, మాండేట్‌కి విరుద్ధంగా చట్టమే చేయకూడదు, ఆ మాండేట్‌లోనే పాలస్తీనాలో యూదులకి జాతీయ నివాసం ఏర్పాటుకి మద్దతిస్తామని బ్రిటన్ చేసిన బాల్ఫోర్ ప్రకటన ఉంది. ఆ ప్రకటనలో అరబ్బు అన్న మాటే లేదు, "యూదేతర సమాజాలు" అని రాశారు. పేరు కూడా రాయని కాగితానికి ఒప్పుకున్నట్టేగా అందులో కూర్చుంటే.

గోదారి గట్టు:
అక్కా లెక్క కరెక్టే, కాదనను. కానీ కౌన్సిల్ బయట అరబ్బులు ఏం కట్టారు? యూదులకి 1920లోనే ఎన్నికైన సభ ఉంది, హిస్తద్రూత్ కార్మిక సంఘం ఉంది, 1925కి జెరూసలేంలో యూనివర్సిటీ ఉంది. ఇటు సుప్రీం ముస్లిం కౌన్సిల్ ఒక్కటే గట్టిగా నిలబడింది, వక్ఫు, షరియా కోర్టులు దాని చేతిలో, అల్ అక్సా రిపేరుకి మన నిజాం కూడా చందా ఇచ్చాడు. క్రైస్తవ అరబ్బులకి అందులో చోటు లేదు. మూసా కాజిం హుస్సేనీ నడిపిన అరబ్బు నాయకుల కమిటీ, అరబ్ ఎగ్జిక్యూటివ్‌ని అందరి ప్రతినిధిగా బ్రిటిష్ వాళ్ళు గుర్తించనే లేదు. దీనికితోడు జెరూసలేంలోని రెండు పెద్ద అరబ్బు కుటుంబాలు, హుస్సేనీలకీ నషాషిబీలకీ పడేది కాదు.

ఓరుగల్లు అక్క:
గుర్తింపు ఇవ్వలేదని నువ్వే అన్నావు కదా తమ్ముడూ, మాండేట్ 4వ ఆర్టికల్‌లో యూదుల తరఫున ప్రభుత్వంతో మాట్లాడే యూదు ఏజెన్సీకి చోటిచ్చారు, అరబ్బులకి అలాంటిది రాయలేదు. పోనీ 1935 చివర్లో మళ్ళీ కౌన్సిల్ అన్నారు, ఈసారి 28 మందిలో అరబ్బులు 14, చాలామంది అరబ్బు నాయకులు సరే అందామనే చూశారు. అప్పుడు ఒద్దన్నది జియోనిస్టు (పాలస్తీనాలో యూదు దేశం కోరే ఉద్యమం) నాయకత్వం, లండన్ పార్లమెంటులోనూ దాన్ని చీల్చి చెండాడారు, అక్కడితో ఆగిపోయింది.

తెనాలి కుర్రాడు:
1935 సంగతి నాకు తెలీదక్కా. అంటే ఏప్రిల్ 1936లో అరబ్బుల సార్వత్రిక సమ్మె మొదలయ్యింది అది పోయిన కొన్ని వారాలకేనా?