పాపప్ క్యాంపర్: పంపు ఊరికే తిరుగుతోంది, నీళ్ళు గోరువెచ్చగా, ఫర్నేస్ నుంచి చల్లగాలి

ప్లానో_పాపప్
నమస్కారం అందరికీ. మాది పాత పాపప్ (కారు వెనక లాక్కెళ్ళి, పైకి లేపి వాడే గుడ్డ గోడల క్యాంపర్). 20 గ్యాలన్ల ట్యాంకు, 6 గ్యాలన్ల గ్యాస్ వాటర్ హీటర్, 16,000 బీటీయూ (వేడి కొలత) ఫర్నేస్, అంటే లోపలి గాలిని వేడిచేసే గ్యాస్ హీటర్. కుళాయిలన్నీ కట్టేసి ఉన్నా ఐదు నిమిషాలకోసారి పంపు డుర్రుమని రెండు సెకన్లు తిరిగి ఆగుతోంది. హీటర్ గంట మండినా నీళ్ళు గోరువెచ్చగానే వస్తున్నాయి. రాత్రి ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతుంది గానీ వచ్చేది చల్లగాలి. వచ్చే వారాంతం కొలరాడో, రాత్రిళ్ళు 30 ఫారన్‌హీట్. ఏది ముందు పట్టుకోవాలి?

బక్కెట్‌స్నానం
వేడినీళ్ళది ముందు చూడండి, అది రెండు నిమిషాల పని. పాత ఓనర్ చలికాలానికి గులాబీరంగు యాంటీఫ్రీజ్ ఎక్కించి, బైపాస్ వాల్వు (హీటర్‌ని తప్పించి చన్నీళ్ళని నేరుగా వేడి లైనులోకి పంపేది) వెనక్కి తిప్పడం మర్చిపోయి ఉంటాడు. హీటర్ వెనక మూడు వాల్వులుంటే, కింద చన్నీళ్ళు లోపలికి వెళ్ళేదీ పైన వేడినీళ్ళు బయటికి వచ్చేదీ తెరిచి ఉండాలి, రెంటినీ కలిపే మధ్యది మూసి ఉండాలి. పిడి పైపు వెంట ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే మూసినట్టు. ఒకే వాల్వు ఉన్న రకంలో వేడినీళ్ళ మూతి దగ్గర చెక్ వాల్వు (నీళ్ళని ఒకవైపే పోనిచ్చేది) ఉంటుంది, అది ఇరుక్కుపోయినా ఇదే తంతు.

వాల్వులు సరిగ్గానే ఉంటే బయటి షవర్ చూడండి. రెండు నాబ్‌లూ తిప్పి వదిలేసి చేతి షవర్ మీద బటన్ మాత్రం నొక్కి ఆపితే, చన్నీళ్ళు అక్కడి నుంచే వేడి లైనులోకి దూరతాయి.

వాల్వు తిప్పిన వెంటనే హీటర్ వెలిగించకండి. వేడినీళ్ళ కుళాయి తెరిచి పెట్టండి. ముందు ఏమీ రాదు, తర్వాత తుప్పుతుప్పున గాలి, తర్వాత తెగని ధార. ఆ ధార వచ్చాకే మంట. కరెంటు ఎలిమెంటు కూడా ఉన్న మోడలైతే ఖాళీ ట్యాంకు మీద స్విచ్ వేయగానే ఎలిమెంటు మాడిపోతుంది.

గ్యాస్‌బండ
అన్నా, హీటర్ ఏ కంపెనీదో చూస్కో. సబర్బన్ అయితే లోపల ఉక్కు ట్యాంకు, దాన్ని తుప్పు తినకుండ యానోడ్ రాడ్ ఉంటది. 1-1/16 అంగుళాల సాకెట్‌తోని విప్పాలె. రాడ్ ముప్పావు వంతు అరిగిపోతే మార్చుడే. ఆట్‌వుడ్ అయితే అల్యూమినియం ట్యాంకు, యానోడ్ ఉండదు, ప్లాస్టిక్ బిరడా మాత్రమే, దాన్ని గట్టిగ బిగిస్తే మర చెడుతది. ఏదైనా సరే విప్పే ముందు పంపు బంద్ జేసి, నీళ్ళు సల్లారనిచ్చి, ప్రెషర్ రిలీఫ్ వాల్వు పిడి ఎత్తాలె. లేకపోతే మరిగే నీళ్ళు మొఖం మీదకే వస్తయి.

మల్టీమీటర్_మావయ్య
పంపు సంగతి. ప్రెషర్ ఎక్కడో కారుతోందని అర్థం. నీళ్ళు కనబడాలని లేదు. మూడు చోట్ల చూడండి.

ఒకటి, రిలీఫ్ వాల్వు. నీళ్ళు కాగేటప్పుడు చుక్కలు పడితే వాల్వు చెడిపోయిందనుకొని కొత్తది కొనేస్తారు. చాలాసార్లు ట్యాంకు పైభాగంలో ఉండాల్సిన గాలి పొర నీళ్ళలో కలిసిపోయి ఉంటుంది, అంతే. హీటర్ ఆపి చల్లారాక, పంపు కట్టేసి, ఒక వేడినీళ్ళ కుళాయి తెరిచి, రిలీఫ్ పిడి ఎత్తి నీళ్ళు కారడం ఆగేదాకా పట్టుకోండి. పిడి టక్కున వదిలితే మూత సరిగ్గా కూర్చుంటుంది. తర్వాత కుళాయి మూసి పంపు వేయండి.

రెండు, సిటీ వాటర్ మూతి, అంటే బయటి కుళాయి నుంచి గొట్టం తగిలించే చోటు. గొట్టం తీసేసి పంపు వేసి, ఆ మూతి కింద పొడి టిష్యూ అంటించండి. తడిస్తే లోపలి చెక్ వాల్వు పోయినట్టే.

మూడు, పంపు లోపలి చెక్ వాల్వు. ఇది ఎక్కడా తడి చేయదు. ప్రెషర్ వెనక్కి ట్యాంకులోకే పోతుంది. సిటీ వాటర్ తగిలించినప్పుడు ట్యాంకు దానంతట అదే నిండుతుంటే దొంగ దొరికినట్టే.

పంపు ఆగకుండా తిరుగుతూ ప్రెషర్ లేకపోతే అది వేరే కథ: గాలి పీలుస్తోంది. స్ట్రెయినర్ (పంపు ముందుండే జల్లెడ) గిన్నె మర అడ్డంగా ఎక్కిందా, లోపలి రబ్బరు రింగు ఉందా, యాంటీఫ్రీజ్ పీల్చే గొట్టం వాల్వు తెరిచి ఉండిపోయిందా చూడండి.

గ్యాస్‌బండ
పాపప్‌ల ఇంకోటి. పొయ్యి, సింకు మడిచి పడుకోబెట్టే రకమైతే ఆడ పైపు ప్రతిసారి వంగుతది. సింకు లేపినంక చెయ్యి పెట్టి చూస్తే నలిగిన మడత దొరుకుతది, చీలిక ఆన్నే మొదలైతది.

కొలరాడో_చలి
సిటీ వాటర్ తగిలించేవాళ్ళు ప్రెషర్ తగ్గించే రెగ్యులేటర్ వాడండి, 40 నుంచి 50 పీఎస్ఐ. కుళాయి వైపే పెట్టాలి, క్యాంపర్ వైపు పెడితే గొట్టం పగులుతుంది.

ఇక ఫర్నేస్. చెవి పెట్టి వింటే సగం రోగం తెలిసిపోతుంది. థర్మోస్టాట్ అడగగానే ఫ్యాన్ లేస్తుంది. ఆ గాలికి సెయిల్ స్విచ్ అనే చిన్న రేకు ఒరిగి కనెక్షన్ ఇస్తుంది. మరీ వేడెక్కితే ఆపేసే లిమిట్ స్విచ్ కూడా సరేనంటే బోర్డు 15 సెకన్లు ఆగి, గ్యాస్ వాల్వు టక్కుమని తెరిచి, టిక్ టిక్ టిక్ అని నిప్పురవ్వ వేస్తుంది. ఏడు సెకన్లలో మంట కనబడకపోతే మళ్ళీ ప్రయత్నం. మూడుసార్లు కాకపోతే లాకౌట్, అంటే బోర్డు ఇక ప్రయత్నం మానేస్తుంది.

ఫ్యాన్ తిరుగుతూ టిక్ టిక్ అసలు రాకపోతే: వోల్టేజీ లేదా సెయిల్ స్విచ్.
టిక్ టిక్ వచ్చి మంట రాకపోతే: గ్యాస్.
బుస్సుమని వెలిగి వెంటనే ఆరిపోతే: ఎలక్ట్రోడ్ లేదా దాని ఎర్త్. మొనల మధ్య సందు 1/8 అంగుళం ఉండాలి.
కాసేపు బాగా మండి ఆగిపోతే: దుప్పట్లో బూట్లో గాలి జాలీకి అడ్డం పడి లిమిట్ స్విచ్ ఆపేస్తోంది.

మీది వీటిలో ఏది?

ప్లానో_పాపప్
బైపాస్ మధ్య వాల్వు తెరిచే ఉంది, మూశాను, ఇప్పుడు నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడి. పంపుది సిటీ వాటర్ మూతే, టిష్యూ తడిసింది. ఫర్నేస్‌లో టిక్ టిక్ అసలు లేదు. ఇంటి దగ్గర కరెంటుకి తగిలిస్తే మాత్రం శుభ్రంగా వెలుగుతోంది!

మల్టీమీటర్_మావయ్య
అయితే ఫర్నేస్ జోలికి పోకండి. కరెంటుకి తగిలిస్తే కన్వర్టర్ (ఇంటి కరెంటుని బ్యాటరీ కరెంటుగా మార్చేది) 13.6 వోల్టుల దాకా ఇస్తుంది, బ్యాటరీ మీద అంత రావట్లేదు. 10.5 కంటే దిగితే ఫ్యాన్ తిరుగుతుంది గానీ సెయిల్ స్విచ్ ఒరిగేంత గాలి రాదు. ఫ్యాన్ ఆపి కొలిచిన 12.6 చూసి మోసపోవద్దు. ఫ్యాన్ తిరుగుతుండగా ముందు బ్యాటరీ పోస్టుల మీద, తర్వాత ఫర్నేస్ వైర్ల దగ్గర కొలవండి. రెండు చోట్లా తక్కువే ఉంటే బ్యాటరీ. బ్యాటరీ దగ్గర బాగుండి ఫర్నేస్ దగ్గర తగ్గితే వైరు.

అట్లాంటా_అడవి
సెయిల్ స్విచ్ రెండు వైర్లు కలిపేస్తే వెలుగుతుంది కదండీ? వీడియోలో చూశాను.

కొలరాడో_చలి
వద్దండి. గాలి లేకుండా గ్యాస్ మండకుండా ఆపేదే ఆ స్విచ్. అలా కలిపి గుడ్డ గోడల మధ్య పడుకోవడం ప్రాణంతో చెలగాటం. స్విచ్ మీద అనుమానముంటే విప్పి, రేకుకి పట్టిన నూగు, కుక్క వెంట్రుకలు తుడవండి. అన్నట్టు కార్బన్ మోనాక్సైడ్ అలారం వెనక తేదీ చూడండి, వాటికీ ఆయుష్షు ఉంటుంది. టెస్ట్ బటన్ నొక్కితే బీప్ వస్తున్నంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు.

ప్లానో_పాపప్
ఫ్యాన్ తిరుగుతుండగా బ్యాటరీ 12.3, ఫర్నేస్ దగ్గర 10.2.

మల్టీమీటర్_మావయ్య
రెండు వోల్టులు దారిలో మాయం. నలుపు ప్రోబ్ బ్యాటరీ నెగటివ్ మీద, ఎరుపు ప్రోబ్ ఫర్నేస్ నెగటివ్ వైరు మీద పెట్టండి, ఫ్యాన్ తిరుగుతుండాలి. పావు వోల్టు దాటితే ఎర్త్ లోపం. ముందువైపు చట్రానికి బిగించిన బోల్టు విప్పి, రింగు టెర్మినల్‌నీ చట్రాన్నీ ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, పళ్ళ వాషర్ వేసి బిగించండి. సరిగ్గానే ఉంటే ప్లస్ వైపు ఇన్‌లైన్ ఫ్యూజు హోల్డర్. తెరిస్తే లోపల పచ్చగా చిలుము కనబడుతుంది.

గ్యాస్‌బండ
బండ మూత మెల్లగ తిప్పు అన్నా. ఒక్కసారి తిప్పితే లోపలున్న ఫ్లో లిమిటర్ మూసుకుంటది, గ్యాస్ సన్నగ వస్తది. అట్లయితే అన్ని పొయ్యిలు కట్టేసి, బండ మూసి, రెండు నిమిషాలు ఆగి మళ్ళ మెల్లగ తెరువు. ముందు పొయ్యి వెలిగించి పైపుల గాలి పోనియ్యి. ఆ మంట ఫర్నేస్ అందుకోంగనే కుంగిపోతే గ్యాస్ రెగ్యులేటర్ పోయినట్టు. లీకు సబ్బునురుగుతోనే చూడాలె, అగ్గిపుల్లతోని కాదు. ఊర్ల లెక్క బండను వేడినీళ్ళల్ల పెట్టకు, ఈడ ఉత్త ప్రొపేన్, మైనస్ 42 సెల్సియస్ దాక గ్యాస్ అయితనే ఉంటది.

కొలరాడో_చలి
20 పౌండ్ల బండలో సుమారు 4,30,000 బీటీయూ. 16,000 ఫర్నేస్ ఆగకుండా మండితే 27 గంటలు. ఫ్యాన్ సుమారు 3 ఆంప్స్ తాగుతుంది, రాత్రి 10 గంటల్లో సగం సేపు తిరిగితే 15 ఆంప్-అవర్స్. రెండు రాత్రులకు మామూలు డీప్ సైకిల్ బ్యాటరీ సరిపోతుంది, లైట్లు అదుపులో ఉంటే. బయలుదేరే ముందు ఎగ్జాస్ట్ గొట్టంలో టార్చి వేయండి, కందిరీగల మట్టిగూడు ఉందేమో.

ప్లానో_పాపప్
ఎర్త్ బోల్టే. తుప్పు గోకాక ఫర్నేస్ దగ్గర 12.0 వస్తోంది, బ్యాటరీ మీదే వెలిగింది. సిటీ వాటర్ మూతికి కొత్త చెక్ వాల్వు ఆర్డర్ పెట్టాను, అప్పటిదాకా బయట మూత బిగిస్తే చాలా?

మల్టీమీటర్_మావయ్య
లోపల రబ్బరు వాషర్ ఉన్న మరమూత అయితే చాలు. చేత్తోనే బిగించండి, పటకారు వద్దు.