తొమ్మిదేళ్ల పిల్ల వీధికుక్కలకు సాయం చేస్తానంటే ఆపాలా, పంపాలా?

ఒక అమ్మ, హైదరాబాద్:
మా సెల్లార్‌లో మోటార్ గది పక్కన ఓ వీధికుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. వాటిని గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేయమని అసోసియేషన్ వాళ్లు వాచ్‌మన్‌కి చెప్పారు. మా అమ్మాయి బడిలో పద్యం చెప్పమన్నా గొంతు పెగలని పిల్ల. అలాంటిది ఆదివారం మీటింగులో నా వెనకనుంచి ముందుకొచ్చి, "అంకుల్, అవి ఇంకా కళ్లు తెరవలేదు. పాలు మానేదాకా ఉండనివ్వండి" అంది. గౌను అంచు నలుపుకుంటూనే ఉంది కానీ మాట మాత్రం పూర్తిచేసింది. చివరికి రెండు నెలలు గడువిచ్చారు. ఇప్పుడేమో రోజూ తనే పెరుగన్నం పెడతానంటోంది. మా అత్తగారు అంబర్‌పేట సంగతి గుర్తుచేసి వద్దే వద్దంటున్నారు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఏం చేయమంటారు?

ఇద్దరు పిల్లల తండ్రి, కరీంనగర్:
అక్కా, మీ అత్తగారి మాటే నా మాట. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాబు ప్రాణం తీసింది వీధికుక్కలే. ఆ వీడియో చూసినవాళ్లకి ఇంకా కళ్లముందే ఉంది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడమన్నది దాదాపు లేదు. రేబిస్ ఉందని అనుమానమున్న జంతువులు కరిచినవాళ్లలో దాదాపు 40 శాతం 15 ఏళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెబుతోంది. పైగా చిన్న గాటు పడితే పిల్లలు ఇంట్లో తిడతారని దాచేస్తారు. జాలి మంచిదే, కాదనను. కానీ ఆ పని పెద్దవాళ్లు చేయాలి.

రిటైరైన పశువైద్యుడు, విశాఖపట్నం:
తమ్ముడూ, మీ భయంలో తప్పులేదు. పిల్లలు గాటు దాచేస్తారన్నది నూటికి నూరుపాళ్లు నిజం. అందుకే నేను పంపమంటాను. వద్దని కట్టడి చేసిన పిల్ల ఎవరూ చూడనప్పుడు ఒంటరిగా సెల్లార్‌లోకి దిగుతుంది. కరిస్తే అస్సలు చెప్పదు. అమ్మ పక్కనుంటే ఆ దాపరికం ఉండదు.

అమ్మా, మీ పాప చేయాల్సిన పెద్ద పని చేసేసింది. అంతమంది పెద్దవాళ్ల ముందు నోరు తెరిచి అడగడమే ధైర్యం. కుక్కపిల్లని ఎత్తుకోవడం ధైర్యం కిందికి రాదు, అది ఒప్పుకోవద్దు. బాలెంత కుక్క ఎంత సాధుదైనా పిల్లల దగ్గరికి ఎవరినీ రానివ్వదు. గిన్నె మీరు పెట్టండి, పాప మీ వెనక నిలబడాలి. తింటున్నప్పుడు, పాలిస్తున్నప్పుడు దగ్గరికి పోకూడదు. తోక ఊపింది కదా అని నమ్మొద్దు. ఒళ్లు బిగబట్టి కదలకుండా చూస్తోందంటే వెంటనే వెనక్కి రావాలి, పరుగెత్తకూడదు.

గీరుకున్నా సరే, పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించాలి. ఈ మాట పాపకి ముందే చెప్పి, "నిన్ను తిట్టను" అని మాటివ్వండి.

కూనల్ని ఊరి బయట ఆకలికి మాడేలా వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మీటింగులో ఎవరైనా మళ్లీ ఆ మాటెత్తితే చెప్పండి.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ, విజయవాడ:
మాలాంటివాళ్లని విలన్లని చేయకండి సార్. రాత్రి డ్యూటీ నుంచి వచ్చేవాళ్ల బైకుల వెంట కుక్కలు పడితే ఫోన్ నాకే వస్తుంది. అయితే 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నిబంధనలు చదివాక మా పద్ధతి మార్చాం. తిండి పెట్టే చోటు నిర్ణయించాల్సింది అసోసియేషనే. అది పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకి, గేటుకి దూరంగా ఉండాలి. ఢిల్లీ వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వులో కూడా, రోడ్ల మీద ఎక్కడపడితే అక్కడ పెట్టొద్దని, కేటాయించిన చోటే పెట్టాలని ఉంది. మేం వెనక గోడ పక్కన చోటిచ్చాం. సెల్లార్‌లో మాత్రం నేనైతే ఒప్పుకోను.

ఇద్దరు పిల్లల తండ్రి, కరీంనగర్:
తల్లి దగ్గరుండి పెడితే సరే. కానీ రెండు నెలల తర్వాత? ఆ నాలుగూ పెరిగి మళ్లీ పిల్లల్ని పెడితే ఇదే మీటింగు మళ్లీ పెట్టుకోవాలి. ఆపరేషన్ చేయించకుండా అన్నం పెట్టడం సగం పనే.

ఒక అమ్మ, హైదరాబాద్:
తమ్ముడూ, మీరన్నది నిజం. సెల్లార్ మాటా ఒప్పుకుంటున్నాను. కూనలు నడక నేర్చాక గిన్నె బయట ప్రహరీ దగ్గరికి మారుస్తాం, మా సెక్రటరీతో మాట్లాడాను. అమ్మాయి మూడో అంతస్తు ఆంటీని, మరో ఇద్దరిని అడిగి కూనల్ని పెంచుకుంటారేమో కనుక్కుంటోంది. గిన్నె పట్టుకునేది నేనే. డాక్టరుగారూ, తల్లికుక్కని ఆపరేషన్‌కి ఎప్పుడు పట్టించాలి?

రిటైరైన పశువైద్యుడు, విశాఖపట్నం:
కూనలు పూర్తిగా పాలు మానాకే. మున్సిపాలిటీవాళ్లకి ముందుగా చెప్పి పెట్టుకోండి. ఆపరేషన్ చేసిన గుర్తుగా చెవి కొస కత్తిరిస్తారు, పాప చూసి కంగారుపడకుండా చెప్పండి. టీకా కూడా వేసి, పట్టుకున్న చోటే మళ్లీ వదలాలి. కూనలకి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా వేయించండి. పెంచుకునేవాళ్లు దొరికితే ఆ తేదీ ఒక కాగితం మీద రాసి వాళ్ల చేతికివ్వండి.