‘తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు’: మేలా, శాపమా?

మొదటి సభ్యుడు:
మొన్న మా ఇంటి ప్రార్థన కూడికలో బైబిల్లోని రోమా పత్రిక (రోములోని క్రైస్తవులకు పౌలు రాసిన ఉత్తరం) 12వ అధ్యాయం చదివారు. శత్రువు ఆకలిగొనియుంటే భోజనము పెట్టుము, దప్పిగొనియుంటే దాహమిమ్ము. ఇక్కడిదాకా హాయిగా ఉంది. వెంటనే ‘అతని తలమీద నిప్పులు కుప్పగా పోయుదువు’ అని వచ్చింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ ‘వాడికదే కావాలి’ అని గొణిగింది! అన్నం పెట్టి నిప్పులు పోయడమేమిటండీ?

జవాబు:
ఆవిడ తప్పేం లేదండీ, తెలుగు చెవికి అలాగే వినిపిస్తుంది. మంచి కబురు చెబితే కడుపులో పాలు పోశావంటాం, కొంప ముంచితే నెత్తిన నిప్పులు పోశావంటాం. ఓర్వలేనివాళ్ళు కళ్ళల్లో నిప్పులు పోసుకుంటారు. (‘దాహమిమ్ము’ ఎంత బాగుందో చూడండి. మా ఊళ్ళో ముసలివాళ్ళు ఇప్పటికీ ‘కాస్త దాహం ఇప్పించండి’ అనే అడుగుతారు.)

ఈ మాట పౌలు సొంతం కాదు, బైబిల్లోనే అంతకు ముందున్న సామెతల గ్రంథం 25:21-22 లోది. కీర్తన 140లో దుర్మార్గుల మీద పడే నిప్పులు శిక్షే. ఇక్కడ మాత్రం పూర్వకాలపు క్రైస్తవ పండితుడు అగస్టీను వేరేగా చదివాడు: చేసిన తప్పుకు పశ్చాత్తాపంతో లోపల కాలిపోవడం అన్నాడు. నాకూ అదే సబబనిపిస్తుంది. ఎందుకంటే పై వచనంలోనే పౌలు పగ తీర్చుకోవద్దన్నాడు, కింది వచనంలో ‘మేలు చేత కీడును జయించుము’ అన్నాడు. మధ్యలో దొంగచాటుగా పగ ఎలా దూరుతుంది?

మొదటి సభ్యుడు:
పూర్వం పొయ్యి ఆరిపోతే పొరుగింటి నుంచి కుండలో నిప్పులు తలమీద పెట్టుకుని తెచ్చుకునేవారనీ, ఆ కుండ నింపి పంపడమే ఈ వచనమనీ ఒక ప్రసంగంలో విన్నాను.

జవాబు:
వినడానికి ముచ్చటగానే ఉంది కానీ వచనంలో ఆ జాడ లేదండీ. మా నాయనమ్మ పక్కింటి నుంచి పిడక మీద నిప్పు తెచ్చేది. దారంతా ఊదుకుంటూ, చేతిని ఒంటికి దూరంగా పట్టుకుని. తలమీద పెట్టుకోమంటే తిట్టిపోసేది.

అంతకన్నా వేమన దగ్గరికి వెళ్ళండి. చంపదగిన శత్రువు చేతికి చిక్కినా కీడు చేయకూడదని చెప్పి, ‘పొసగ మేలుచేసి పొమ్మనుటే చావు’ అన్నాడు. ఆ ‘చావు’, ఈ ‘నిప్పులు’ ఒకే రకం మాటలు. మాట కటువు, చేసే పని మెత్తన.

మొదటి సభ్యుడు:
బాగుందండీ. ఆ పెద్దావిడ తోటికోడలితో మాట్లాడి మూడేళ్ళయింది. ఆదివారం ఈ పద్యం వినిపిస్తాను. ‘చావు’ దగ్గర మళ్ళీ ‘అదే కావాలి’ అనకపోతే చాలు.