కోరింత దగ్గు: పీసీఆర్ ఉండగా కల్చర్ ప్లేట్లు ఇంకా ఎందుకు?

పీసీఆర్_పక్షం
కల్చర్, అంటే ప్లేటు మీద క్రిమిని పెంచి చూసే పరీక్ష, నెగటివ్ అనాలంటే 7 నుంచి 12 రోజులు ఆగాలి. ఈలోగా రెండు నెలల బిడ్డ దగ్గి దగ్గి నీలంగా మారుతుంటాడు. క్రిమి డీఎన్ఏని వెతికే పీసీఆర్ అదే రోజు తేల్చేస్తుంది. రెండు వారాల దగ్గు దాటితే ప్లేటు మీద మొలిచేది అరుదు, పీసీఆర్ మూడు నాలుగు వారాల దాకా పట్టిస్తుంది. ఇక ప్లేట్లు దండగ.

అగార్_మనిషి
పట్టించేది దేన్ని అండీ? చాలా కిట్లు వెతికేది ఐఎస్481 అనే డీఎన్ఏ ముక్కని. కోరింత దగ్గు క్రిమి బోర్డెటెల్లా పెర్టుసిస్‌లో దాని ప్రతులు 200 పైమాటే, అందుకే అంత సున్నితం. కానీ అది దాని చుట్టం బోర్డెటెల్లా హోల్మెసై అనే క్రిమిలోనూ ఉంది. సీటీ (డీఎన్ఏ కనపడేదాకా మెషీన్ తిరిగిన చక్రాల లెక్క; ఎక్కువైతే క్రిమి తక్కువని) 35 దాటిన పాజిటివ్‌ని ఏ ధైర్యంతో రిపోర్టు చేస్తారు? 2006లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో ఒక ఆసుపత్రిలో పీసీఆర్ దాదాపు వందమందిని పాజిటివ్ అంది. కల్చర్ చేసిన శాంపిళ్లలో ఒక్కదాంట్లోనూ పెర్టుసిస్ పెరగలేదు.

పీసీఆర్_పక్షం
అది ఒకే టార్గెట్‌ని నమ్ముకున్న తప్పు. పక్కన పెర్టుసిస్ విషపదార్థపు జన్యువు పీటీఎక్స్ఎస్1ని కూడా పెట్టండి.

అగార్_మనిషి
పీటీఎక్స్ఎస్1 ఒక్క ప్రతే కదా. అనుమానం వచ్చేదే క్రిములు తక్కువున్న శాంపిల్‌లో, సరిగ్గా అక్కడే అది నెగటివ్ చూపిస్తుంది. తగువు తీరదు.

స్వాబ్_ముఖ్యం
ఇద్దరూ మెషీన్ దగ్గర కొట్టుకుంటున్నారు, సగం తప్పు ముక్కు దగ్గరే జరుగుతోంది. దూది స్వాబ్‌లోని కొవ్వు ఆమ్లాలు క్రిమిని చంపుతాయి. కాల్షియం ఆల్జినేట్ కల్చర్‌కి సరే, పీసీఆర్‌ని మాత్రం అడ్డుకుంటుంది. పాలియెస్టర్ గానీ ఫ్లాక్డ్ నైలాన్ (కొన మీద పొట్టి నూగు పోగులున్న స్వాబ్) గానీ వాడండి. ముక్కు అంచున తిప్పితే చాలదు, నాసికా గ్రసని (ముక్కు వెనక, గొంతు పైభాగం) వెనక గోడ తగిలాక కొన్ని సెకన్లు ఉంచాలి. ఇంకోటి, కొన్ని ఏసెల్యులర్ టీకాల్లో పెర్టుసిస్ డీఎన్ఏ ఉంటుంది. టీకా వేసిన గ్లౌజుతోనే స్వాబ్ కాడ పట్టుకుని ద్రవ మాధ్యమంలో విరిస్తే, కాడ మీది డీఎన్ఏ అందులోకి దిగుతుంది. గ్లౌజు మార్చి, పొడి ట్యూబులో పంపితే ఈ గొడవ చాలావరకు ఉండదు.

సీరం_వాదం
పెద్దవాళ్లలో నెల దాటిన దగ్గుకి కల్చర్, పీసీఆర్ రెండూ పనికిరావు. అప్పుడు రక్తంలో యాంటీ-పీటీ ఐజీజీ (పెర్టుసిస్ విషపదార్థం మీది యాంటీబాడీ) చూడాలి, ఎఫ్‌హెచ్ఏ అనే మరో ప్రొటీన్ మీది యాంటీబాడీ కాదు, అది ఇతర బోర్డెటెల్లా క్రిములు సోకినా కనిపిస్తుంది. ఏడాదిలోపు టీకా పడితే అంకెకి అర్థం లేదు. పసిబిడ్డల్లో తల్లి యాంటీబాడీలు అడ్డొస్తాయి.

అగార్_మనిషి
ఒప్పుకుంటా. అయినా చైనాలో మాక్రోలైడ్‌లకు (అజిత్రోమైసిన్ లాంటి మందులకు) లొంగని రకాలు ప్రబలాయి కదా. అలా లొంగకుండా చేసే ఏ2047జీ అనే జన్యు మార్పుని పీసీఆర్ కూడా చెబుతుందంటారు. చెబుతుంది, తెలిసిన మార్పునే. ఏ మందు పనిచేస్తుందో పరీక్షించాలంటే బతికున్న క్రిమి కావాలి.

పీసీఆర్_పక్షం
అయితే రెండు వారాల్లోపు దగ్గు, అజిత్రోమైసిన్ ఇంకా మొదలుకానివాళ్లకే రెండో స్వాబ్ తీయండి. సెఫలెక్సిన్ (ఇతర క్రిముల్ని ఆపే మందు) కలిపిన రీగన్-లో ప్లేటు (పెర్టుసిస్ పెంచే మాధ్యమం), 35 డిగ్రీలు, తేమ ఆరనివ్వొద్దు. మిగతా శాంపిళ్లకు ప్లేటు వద్దనే ఇప్పటికీ అంటాను.